కొవ్వు లేని కొవ్వొత్తి

శ్రీకాకుళం,
6-9-1983

సన్యాసమ్మ వదినా,

ఎలా ఉన్నావని అడగను. నువ్వు బాగానే ఉంటావు. నీ కేకలు వినేవాళ్లు ఎలా ఉన్నారన్నదే సందేహం. నా సంగతి చెబుతాను. బదిలీ మీద ఈ ఊరు వచ్చి మూడు నెలలవుతున్నా నా చెవులు మాత్రం విశాఖలోనే ఉండిపోయాయి. అక్కడ తెల్లవారుతుంటే హార్బరులో ఓడ కూసేది, నేను లేచి పాలు పొయ్యి మీద పెట్టేదాన్ని. ఇక్కడ పక్కింటివాళ్ల బాతులు లేపుతున్నాయి. వాటికి ఓడకున్న క్రమశిక్షణ లేదు.

ఒక విశేషం. విశాఖ రేడియోవాళ్లు ఉత్తరం రాశారు. మనం రోజూ చేత్తో పట్టుకునే వస్తువులు ఏ పాత నాగరికతలో ఎలా పుట్టాయో పదిహేను నిమిషాలు మాట్లాడమన్నారు. దువ్వెన, తాళంకప్ప, సబ్బు, కొవ్వొత్తి ఎంచుకున్నాను. ఇన్నేళ్లుగా కాలేజీలో చరిత్ర చెబుతున్నాను కదా, ఇదేం పెద్ద పనని కూర్చున్నాను. మొదటి మూడూ ఎలాగో కుదిరాయి. కొవ్వొత్తి దగ్గర చిక్కుకున్నాను. ఈజిప్టువాళ్లు రెల్లుకాడలను కరిగిన కొవ్వులో నానబెట్టి వెలిగించేవారని ఒక పుస్తకం. అందులో ఒత్తే లేదు, అది కాగడా అవుతుంది గానీ కొవ్వొత్తి ఎలా అవుతుందని మరో పుస్తకం. ఒత్తి పెట్టిన ఘనత రోమనులదని ఒకరు, కాదు చైనావాళ్లు పురుగుల మైనంతో ముందే చేశారని ఇంకొకరు. మన దేశంలో దాల్చినచెక్క చెట్టు కాయలు ఉడకబెట్టి మైనం తీసి గుళ్లలో వెలిగించేవారట. ఏ గుళ్లోనో మాత్రం ఆ మహానుభావుడు రాయలేదు. నమ్మనా, మాననా?

రాసిన ప్రతి వాక్యం చివరా "అంటారు" అని తగిలిస్తున్నాను. మా ఆయన చదివి, "బస్సు వచ్చిందా అని అడిగినా నువ్వు వచ్చిందంటారు అనే అంటావు" అని నవ్వుతున్నారు. నవ్వనీ. తెలియనిది తెలిసినట్టు చెప్పడం నాకు చేతకాదు.

నువ్వు నీ షెడ్డులో కొవ్వొత్తులు ఎలా పోస్తున్నావో వివరంగా రాయి. ప్రసంగం చివర నీ గురించే చెబుతాను. అది మాత్రం అనుమానం లేని సంగతి కదా.

ఏదీ ఒత్తి చెప్పలేని నీ మరదలు,
గౌరీశ్వరి


కూర్మన్నపాలెం,
14-9-83

ఓలే గౌరీ,

నీ ఉత్తరం రెండుసార్లు సదివినాను. ఒకసారి నాకోసం, ఒకసారి మీ అన్నయ్యకోసం గట్టిగా. నాకు నీలాగ పుస్తకం బాస రాదు, మాటాడినట్టే రాత్తాను. ఒత్తులు తప్పితే నువ్వే ఎట్టుకో. నా కాడున్న ఒత్తులన్నీ కొవ్వొత్తుల్లోకే పోతన్నాయి.

దాల్చినచెక్క కాయలు ఉడకబెడితే మైనం వత్తాదేటి? పలావు వాసన వత్తాది. ఎవులో ఆకలి మీద రాసుంటారు.

మా పని ఏటంటే ఇను. మైనం దిమ్మలు పట్నంలోంచి వత్తాయి. పెద్ద తపేలాలో కరగబెడతాం. ఒంగిపోకుండా నిలబడ్డానికి తెల్లపొడి ఒకటి గుప్పెడు కలుపుతాం. అచ్చుల్లో నూలొత్తి బిగించి పోత్తాం. అసిరమ్మ పోత్తాది, పోతమ్మ ఒత్తులు కత్తిరిత్తాది, నాను ఇద్దర్నీ తిడతాను. ముగ్గురివీ ఉక్కు ఫేక్టరీ కింద పోయిన ఊర్లే. జీడితోటలో ఎండకి తిరిగినోళ్లం, ఇప్పుడు రేకుల షెడ్డులో పొయ్యి ముందు కూకున్నాం. ఎండ తగ్గలేదు గానీ మాటలు ఎక్కువైనాయి.

ఇంకో మాట. ఫేక్టరీ క్వార్టర్ల లేడీసు క్లబ్బు పెద్ద భ్రమరాంబ గారు దీపావళికి మాకే ఆర్డరిచ్చినాది. గోదావరి మనిషి. మాటకి ముందొక అండి, ఎనకొక అండి. ఈ షెడ్డు ఇప్పించినాదీ ఆవిడే. ప్రమిదలెడితే కొత్త గోడలకి నూనె మరకలు పడతన్నాయని ఈయేడు అందరూ కొవ్వొత్తులే ఎట్టాలని సెప్పినాదంట. ఈ దీపావళి సరిగ్గా జరిగితే షెడ్డు మాకే ఉంటాది. లేదంటే అప్పడాలోళ్లు ఎప్పట్నించో అడుగుతన్నారు, ఆళ్లకిచ్చేత్తారు. అందుకే ఊపిరాడకుండా పోత్తన్నాం.

నువ్వు మాటాడే రోజు ముందే రాయి. క్వార్టర్లోళ్లందర్నీ మా ఇంటికి పిలుత్తాను. మా పేర్లు సెప్పడం మరిసిపోయేవు.

ఇక్కడ మైనం మరుగుతన్నాది, ఉంటాను.
వదిన సన్యాసమ్మ


శ్రీకాకుళం,
24-9-1983

వదినా,

ముందే తిట్టెయ్యి. రికార్డింగుకని విశాఖ వచ్చి మీ ఇంటికి రాకుండానే వెళ్లిపోయాను. రేడియోవాళ్లు మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టారు, సాయంత్రం బండికి తిరిగి రావాల్సి వచ్చింది. స్టేషనులో కూర్చుని కూర్మన్నపాలెం బస్సు ఇప్పుడు ఎక్కితే ఎప్పటికి చేరతానా అని లెక్కలు వేసుకుంటుండగానే నా బండి వచ్చేసింది.

స్టూడియో తలుపు మూశాక చల్లగా, బావిలోకి దిగినట్టుంది. ఎర్రదీపం వెలిగింది. మొదటి వాక్యంలోనే తడబడ్డాను. రెండోసారికి కుదిరింది. సింధు లోయవాళ్ల దంతపు దువ్వెన, ఈజిప్టువాళ్ల కొయ్య తాళం, బాబిలోనువాళ్లు బూడిదనూ కొవ్వునూ కలిపి ఉడికించిన సబ్బు, ఆ తరవాత కొవ్వొత్తి. అందులో ఒక వాక్యం నాకే నచ్చింది, నీకు ముందే చెబుతున్నాను. పూర్వం కొవ్వుతోనే చేసేవారనడానికి ఎక్కడో వెతకనక్కర్లేదు, మన కొవ్వొత్తి అనే మాటలోనే ఆ కొవ్వు ఉంది! కొవ్వు పోయి మైనం వచ్చింది, మాట మాత్రం పాత వాసన వదల్లేదు. ఇది నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు, పళ్లు తోముకుంటుంటే తట్టింది. అందుకే కాస్త ఒత్తి చెప్పాను.

ఇరవై తొమ్మిదో తేదీ, గురువారం, సాయంత్రం ఏడింటికి. చివరి భాగమంతా నీదే. నువ్వూ అసిరమ్మా పోతమ్మా, పేర్లతో సహా. చివరిదాకా వినండి.

బస్సు ఎక్కని పాపాత్మురాలు,
గౌరి


కూర్మన్నపాలెం,
1-10-83

రేడియో గౌరికి,

మరదలివి కాబట్టి బతికిపోనావు.

ఏటి జరిగినాదో ఇను. ఏడింటికని సెప్తే ఆరింటికే అందరూ వచ్చీసినారు. భ్రమరాంబ గారు, ఆవిడెనకాల క్లబ్బు ఆడోళ్లు. వరండా నిండా కుర్సీలే. నాను జీడిపప్పు పకోడీ ఏసినాను. మీ అన్నయ్య రేడియో తుడిసి, గుడ్డ మార్సి, దానిమీద రెండు బంతిపూలు కూడా ఎట్టినాడు. నీ గొంతు రాగానే నాను "మా మరదలే, మా మరదలే" అంటంటే పోతమ్మ "మాట ఇననీ తల్లీ, మరదలని సెప్పినావు గదా" అని కసిరినాది.

దువ్వెన బాగున్నాది. తాళం బాగున్నాది. సబ్బులో కొవ్వన్నావు, ఒకరి మొకం ఒకరు సూసుకున్నారు. అప్పుడు కొవ్వొత్తి కాడికొచ్చినావు. గొర్రెల కొవ్వంట, గొడ్ల కొవ్వంట, ఎలిగిత్తే ఇల్లంతా కంపు కొట్టీదంట! అక్కడితో ఆగినావా? "మన కొవ్వొత్తి అనే మాటలోనే ఆ కొవ్వు ఉంది" అని ఒత్తి ఒత్తి సెప్పినావు. పుట్టిన కాణ్ణించి ఏదీ ఒత్తి సెప్పందానివి, అదొక్కటీ ఒత్తాల్సి వచ్చినాదేటి నీకు? ఆ తరవాత "అయితే నేడు" అన్నావు.

"అయితే నేడు" కాడ కరెంటు పోనాది.

సీకటి. పకోడీ నవులుతున్న సప్పుడు కూడా ఆగిపోనాది. అలవాటు కొద్దీ నానేటి సేసినానంటావు? మన కొవ్వొత్తి ఒకటి ఎలిగించి అందరి మద్దెనా ఎట్టినాను. ఆ ఎలుగులో సూద్దును గదా, కుర్సీలన్నీ జానెడు ఎనక్కి జరిగినాయి.

"సన్యాసమ్మగారూ, పేరులోనే కొవ్వుందటండి. ఇన్నాళ్లూ దేవుడి గదిలో కూడా వెలిగించామండి" అన్నాది భ్రమరాంబ గారు.

"అది ఎనకటి మాటమ్మా. ఇది మైనం."

"మరి మైనపొత్తి అనకుండా కొవ్వొత్తి అని ఎందుకంటున్నారండి?"

"అందరూ అంటన్నారు గదమ్మా."

"అందరూ ఎందుకంటున్నారో ఇప్పుడే కదండీ మీ మరదలుగారు చెప్పారు!"

దానికి జవాబు నీకు తెలుసేటి? అసిరమ్మ మద్దెలో దూరి, "కొవ్వు మా సన్యాసమ్మకున్నాది గానీ మా ఒత్తులకి లేదమ్మా" అన్నాది. ఎవులూ నవ్వలేదు. అసలే వనస్పతిలో కొవ్వు కలుపుతన్నారని పేపర్లో గొడవవుతన్నాది. అందరికీ ఒళ్లంతా అనుమానమే, అచ్చం నీలాగ.

తెల్లారి కబురొచ్చినాది. కొవ్వు లేదని రుజువు సూపిత్తేనే దీపావళికి తీసుకుంతారంట. లేకపోతే షెడ్డు తాళం అప్పడాలోళ్లకి. నీ తాళంకప్ప కత కూడా నా మెడకే సుట్టుకున్నాది.

సెడగొట్టినదానివి నువ్వే బాగుసెయ్యాల. కాలేజీ సీలేసి ఒక కాయితం పంపు. "సన్యాసమ్మ కొవ్వొత్తుల్లో కొవ్వు లేదు, ఇది కచ్చితం" అని. అందులో ఒక్క "అంటారు" కనపడినా నీతో మాటాడను.

నీ వల్ల సీకట్లో కూకున్న
సన్యాసమ్మ


శ్రీకాకుళం,
7-10-1983

వదినా,

నీ ఉత్తరం చదివి నవ్వు ఆపుకోలేకపోయాను. నవ్వాక భయం వేసింది. "అయితే నేడు" తరవాత ఏముందో తెలుసా? "అయితే నేడు మనం వాడేది భూమిలోంచి తీసిన నూనెను శుద్ధి చేస్తే వచ్చే మైనం. దానికి కొవ్వుతో ఏ సంబంధమూ లేదు." ఆ తరవాత మీ ముగ్గురి పేర్లు. అదంతా మీ చీకట్లో పోయింది. ఇక్కడ మాత్రం కరెంటు ఉంది. మా వీధిలో నిన్ను మెచ్చుకోని వాళ్లు లేరు.

కాయితం రాయడానికి వెంటనే కూర్చున్నాను. "ఇది కచ్చితం" దాకా వచ్చి ఆగిపోయాను. నువ్వు మొదటి ఉత్తరంలో ఒక తెల్లపొడి అన్నావు. మా కెమిస్ట్రీ లెక్చరరు రమణమూర్తిగారిని అడిగాను. ఆ పొడిని కొన్నిచోట్ల గింజల నూనె నుంచి చేస్తారట, కొన్నిచోట్ల పశువుల కొవ్వు నుంచే చేస్తారట. చూస్తే రెండూ ఒకేలా ఉంటాయట. మైనంలో కొవ్వు లేదని రాసి సంతకం పెడతాను. పొడిలో లేదని ఎలా రాయను? దేవుడి గదిలో పెట్టుకునేవాళ్లు అడుగుతున్నారు. రేపు అది అబద్ధమని తేలితే షెడ్డే కాదు, నీ మాటకున్న విలువ కూడా పోతుంది.

ఆ పొడి ఎక్కడిదో అమ్మినవాణ్ణి అడుగు. వేరే దారి ఆలోచిద్దాం.

సంతకం సగంలో ఆగిన,
గౌరి


కూర్మన్నపాలెం,
12-10-83

గౌరీశ్వరి గారికి,

పొడి అమ్మినోణ్ణి అడిగినాం. "బొంబాయినించి వత్తాది, నాకేటి తెలుసు" అన్నాడు. మీరు పెద్ద సదువులోరు. మేం కొవ్వు కలిపి జనానికి అంటగట్టీవోళ్లమని మీకే అనుమానం వచ్చినాక ఇంక రాయడానికేటున్నాది.

ఇట్లు,
బి. సన్యాసమ్మ


శ్రీకాకుళం,
17-10-1983

వదినా,

కార్డు మీద "గారు", "మీరు" చూసి ఇది ఎవరిదో పొరపాటున మా ఇంటికి వచ్చిందనుకున్నాను. చిన్నప్పుడు మా మేనత్త, అదే మీ అమ్మ, మనిద్దరినీ ఒకే పీట మీద కూర్చోబెట్టి జడలు వేసేది. నా జడ వదులైతే నువ్వే లాగి బిగించేదానివి. నన్ను "మీరు" అంటే ఆ జడ ఊడిపోయినట్టు అనిపించింది.

నేను అనుమానించింది పొడిని. నిన్ను కాదు. ఈ అనుమానం నాకు కళ్లజోడు లాంటిది వదినా. తీసేస్తే లోకమంతా అందంగానే కనిపిస్తుంది, కానీ ఎదురుగా వస్తున్నది ఎవరో తెలియదు. దీనివల్ల నాకు స్నేహితులు తక్కువ. ఉన్న ఒక్క వదినను పోగొట్టుకోలేను.

ఆ పొడి మానేస్తే? ఒంగిపోతాయి, నిలబడవు అంటావు. దీపం నిలబడి తీరాలని ఎవరన్నారు? అన్నిటికన్నా పాత దీపాల్లో నిలబడనివే ఎక్కువ. అయిదు వేల ఏళ్ల కిందటివి, ఊర్‌లో తవ్వకాల్లో ఆల్చిప్పల దీపాలు దొరికాయి. చిప్ప గుంటలో నూనో కొవ్వో పోసి, ఒత్తి ఆనించి వెలిగించేవారు. ఇందులో నాకు ఏ అనుమానమూ లేదు, ఫొటో కళ్లారా చూశాను. ఇది కచ్చితం. చూశావా, ఆ మాట రాశాను!

నన్ను మళ్లీ "ఓలే" అని పిలిచేదాకా అన్నం సయించదు.

నీ గౌరి


కూర్మన్నపాలెం,
25-10-83

ఓలే ఓలే ఓలే గౌరీ,

ఇంక అన్నం తిను.

నీ ఉత్తరం రాకముందే పొడి మానీసి ఒక తపేలా పోసి సూసినాం. అచ్చులోంచి తీసినప్పుడు బాగానే ఉన్నాయి. మద్యాన్నం ఎండకి అన్నీ నడుములు ఒంచీసి నేలకి దండాలు ఎట్టినాయి. పోతమ్మ వాటిని సూసి "ఈటికి మనకన్నా బక్తి ఎక్కువ" అన్నాది. నవ్వి నవ్వి ఏడుపొచ్చినాది.

అప్పుడు నీ ఉత్తరం. గౌరీ, ఊర్లో తవ్వకాల్లో దీపాలు దొరికినాయని ముందే ఎందుకు సెప్పలేదే? ఫేక్టరీ పునాదులకి మా ఊరంతా తవ్వీసినారు గదా. ఇల్లు పోనాది, తోట పోనాది, రాములోరి గుడి పోనాది, ఇంకేటి మిగిలినాదనుకున్నాం. అయిదు వేల ఏళ్ల దీపాలు! మీ అన్నయ్యకి సదివి ఇనిపిత్తే నోరు తెరిసీసినాడు. మా ఊరు అంత పాతదా అని అసిరమ్మ సీర కొంగుతో కళ్లు తుడుసుకున్నాది. ఊరు పోయినా ఊర్లో దీపం మిగిలినాదన్నమాట.

మా పెద్దలు సేసింది మేం సెయ్యలేమా? మీ అన్నయ్య సైకిలేసుకుని అప్పికొండ సముద్రం ఒడ్డుకెళ్లి గోనెల్తో ఆలిసిప్పలు తెచ్చినాడు. సేపల కంపు పోడానికి చాకలిసోడాలో ఉడకబెట్టినాం. మద్దెనా ఒత్తి నిలబెట్టి, పొడి లేని మైనం పోసినాం. చిప్పలో ఉన్నాక ఒంగడానికేటున్నాది? ముందు పోసినవన్నీ దువ్వాడ చర్చోళ్లు క్రిస్మస్సుకని తీసుకుపోయినారు. పొడి సంగతి దాయకుండా సెప్పినాం. ఆళ్లకి పట్టింపు లేదు.

భ్రమరాంబ గారికి ఒకటి ఎలిగించి సూపి, కొవ్వు అనుమానమున్న పొడి ఇందులో కలపలేదని సెప్పినాను. సూత్తా సూత్తా కిళ్లీ నవుల్తన్నాది.

"బాగుందండి. కానీ చిప్ప కూడా ఒక జీవిదే కదండీ?"

"మీ కిళ్లీలో సున్నం దేందమ్మా? గుల్లలు కాల్సిన సున్నం గాదేటి?"

నవలడం ఆపీసినాది. అప్పుడు నెమ్మదిగా సెప్పినాను. "ఇది మా ఊరి ఆచారమమ్మా. తవ్వకాల్లో బయటపడినాది. మా మరదలు కచ్చితమని రాసినాది" అని నీ ఉత్తరం సూపించినాను. అంతే! ఆవిడ మొకం మారిపోనాది. క్వార్టర్ల గోడలన్నిటికీ అవే సెయ్యమన్నాది.

అయిదు వేల ఏళ్ల ఊరిదాన్ని, ఇంక గౌరవంగా మాటాడు.
సన్యాసమ్మ


శ్రీకాకుళం,
28-10-1983

వదినా,

ఈ ఉత్తరం మూడుసార్లు మొదలుపెట్టి చించేశాను. ఊరుకుందామా అనుకున్నాను. నీ ఆర్డరు నిలబడింది, షెడ్డు నిలబడింది, అసిరమ్మ కళ్లు తుడుచుకుంది. ఒక చిన్న మాట సరిచేయకపోతే ఎవరికి నష్టం? మా ఆయన కూడా "వదిలెయ్, దీపావళి వెళ్లాక రాయి" అన్నారు.

కానీ ఆవిడకు నువ్వు నా ఉత్తరం చూపించావు. నా కచ్చితం నీ చేతిలో అబద్ధమై కూర్చుంది. ఉండలేకపోతున్నాను.

ఊర్ అంటే మన ఊరు కాదు వదినా. ఊర్ అనేది ఒక పట్నం పేరు. ఇరాక్ దేశంలో ఉంది. తవ్వకాలంటే పాత నగరాల కోసం తవ్వినవి, ఫ్యాక్టరీ పునాదులకు కాదు. నేను అలవాటుగా రాసేశాను. ఆ పేరు తెలుగువాళ్లకు ఎలా వినిపిస్తుందో ఆలోచించలేదు. మాటలోనే కొవ్వు ఉందని కనిపెట్టినదాన్ని, మాటలోనే ఊరు ఉందని చూడలేకపోయాను.

మీ ఊళ్లో అలాంటివి లేవని కూడా నేను చెప్పలేను. నాకు తెలియదు, అంతే. భ్రమరాంబగారికి చెప్పడమా మానడమా నీ ఇష్టం. నువ్వు ఏం చేసినా నీ పక్కనే ఉంటాను.

ఈసారి తిట్టినా "ఓలే" అనే తిట్టు.

గౌరి


కూర్మన్నపాలెం,
6-11-83

ఓలే సత్యవతీ,

నీ ఉత్తరం ఎప్పుడొచ్చినాదో తెలుసా? సరిగ్గా దీపావళి పొద్దున్న. నూనె తలతో కూకుని సదివినాను. మొదట నిన్ను తిట్టినాను, తరవాత ఇరాకోళ్లని తిట్టినాను. పట్నానికి ఊరని పేరెడతారేటి, బుద్ధి లేకపోతే? ఆళ్ల పట్నం పేరు ఊరయితే ఆళ్ల ఊరి పేరేటి?

మీ అన్నయ్య "ఉత్తరం పొయ్యిలో ఏసీ. రేపొచ్చినాదనుకుందాం" అన్నాడు. ఏసీసేదాన్నే. తలంటుకుంటంటే మనసొప్పలేదు. ఊరు పోయిందన్న బాద ఒకటే సాలు, దాని పేరు సెప్పుకుని అబద్ధం కూడా ఎందుకు? తడి జుట్టుతోనే క్వార్టర్లకి ఎల్లినాను. చిప్పలప్పటికే గోడలమీద పేర్చీసి ఉన్నాయి.

"అమ్మా, ఒక తప్పు జరిగినాది. ఆ ఊరు మా ఊరు కాదంట. ఇరాకంట. ఆచారం గీచారం ఏటీ లేదు. కొవ్వొత్తులు ఒంగిపోతంటే ఏటి సెయ్యాలో తెలీక చిప్పల్లో పోసినాం. మీకిట్టం లేకపోతే ఇప్పుడే ఏరీసుకుంతాం" అన్నాను.

ఆవిడ గోడమీద చిప్ప ఒకటి తీసి అటూ ఇటూ తిప్పి సూసినాది. నాకు అప్పడాల వాసన కూడా వచ్చీసినాది.

అప్పుడన్నాది, "సన్యాసమ్మగారూ, పండగ పూట తడి తలతో వచ్చి మీకు నష్టమయ్యే మాట మీరే చెప్పారండి. అందుకని పొడి కలపలేదన్న మాట కూడా ఇప్పుడు నమ్ముతున్నానండి. నిన్నటిదాకా, నిజం చెప్పాలంటే, కొంచెం అనుమానంగానే ఉందండి."

సూసినావా? నీ ఊరి కత ఇన్నప్పుడు ఆర్డరిచ్చినాది గానీ నమ్మలేదు. ఊరు కాదని సెప్తే నమ్మినాది!

సాయంత్రం సముద్రం గాలి గట్టిగా ఏసినాది. నిలబడ్డ కొవ్వొత్తులయితే ఒక్కటీ మిగిలీది కాదు. చిప్ప గుంటలో ఉన్నాయి గదా, అటూ ఇటూ ఊగినాయి గానీ ఆరలేదు. క్వార్టర్ల గోడలెంబడి ఆ ఎలుగు సూత్తే హార్బరులో రాత్రి ఓడలన్నీ ఒకే సారి వచ్చి ఆగినట్టున్నాది. గోడలకి మరక్కూడా లేదు. అసిరమ్మ అన్నాది, "మన ఊరు కాకపోతే కాకపోనీ, ఇయ్యాల్టికి ఇదే ఊరు" అని.

షెడ్డు తాళం మా కాడే ఉన్నాది. అప్పడాలోళ్లకి ఎనకాల రేకులేసి ఇంకోటి కడతారంట.

తల ఇంకా ఆరని
వదిన


శ్రీకాకుళం,
28-11-1983

వదినా,

నీ ఉత్తరం క్లాసులో పిల్లలకు చదివి వినిపించాను. ఒక పిల్ల లేచి, "మేడమ్, అయితే చిప్పదీపం ఎవరు కనిపెట్టినట్టు?" అని అడిగింది. ఇలాంటి ప్రశ్నకు నేను మామూలుగా పది "అంటారు"లతో జవాబు చెబుతాను. ఆ రోజు "రేపు చెబుతాను" అని పుస్తకం మూసేశాను. ఇంటికి వచ్చాక కూడా అదే ఆలోచన.

ఊర్‌లో మొదటి చిప్పలో నూనె పోసింది ఎవరో ఏ పుస్తకమూ చెప్పదు. ఆ ఇంట్లో కూడా ఏదో ఒంగిపోయి ఉంటుంది, ఏదో కారిపోయి ఉంటుంది. ఎవరో ఎవరినో తిట్టి ఉంటారు. చేతికందిన చిప్ప లాక్కుని ఉంటారు. నాగరికత అని మేము పెద్ద పేరు పెట్టి రాసేది బహుశా ఇంతేనేమో. చూడు, మళ్లీ "బహుశా", మళ్లీ "నేమో".

రేడియోవాళ్లు ఇంకో ప్రసంగం అడిగారు. దీపాల మీద. పోయినవారం రికార్డు చేశాను. ఈసారి స్టేషనులో లెక్కలు వేసుకోకుండా మీ ఇంటికి వద్దామని బయల్దేరితే కూర్మన్నపాలెం బస్సు నడిదారిలో ఆగిపోయింది. నమ్ము. టిక్కెట్టు దాచాను, తెచ్చి చూపిస్తాను.

ఒక జాగ్రత్త తీసుకున్నాను. పోయినసారి నీ పేరు చివర పెట్టి చెడగొట్టాను కదా, ఈసారి మొదటి వాక్యంలోనే పెట్టాను. కరెంటు కన్నా ముందు నువ్వు రావాలని. డిసెంబరు ఎనిమిది, గురువారం, అదే ఏడింటికి.

ఈసారి ఒత్తి చెప్పిన,
గౌరి


కూర్మన్నపాలెం,
10-12-83

ఓలే గౌరీ,

మళ్లీ అందరూ వచ్చినారు. మళ్లీ పకోడీ ఏసినాను. మళ్లీ బంతిపూలు ఎట్టినాడు మీ అన్నయ్య. బేటరీల రేడియో కొందామని అనుకుంతా అనుకుంతా మరిసిపోనాం.

ఏడయినాది. నీ గొంతొచ్చినాది. "ఊర్ అనే ప్రాచీన నగరంలో చిప్పదీపం చేసిన మనిషి పేరు ఎవరికీ తెలియదు. కూర్మన్నపాలెంలో చేసిన మనిషి పేరు సన్యాసమ్మ. ఇది కచ్చితం."

అంతే. కరెంటు పోనాది.

నాను లెగబోతంటే భ్రమరాంబ గారు నా సెయ్యి ఒట్టుకుని కూకోబెట్టినాది. "మీరుండండి" అని అగ్గిపెట్టె తనే తీసుకుని, చిప్ప ఒకటి ఎలిగించి, అందరి మద్దెనా ఎట్టినాది. సూద్దును గదా, ఈసారి కుర్సీలన్నీ జానెడు ముందుకి జరిగినాయి.

ఆ తరవాత పదిహేను నిమిషాలూ నువ్వేటి సెప్పినావో మాకు తెలీదు. మద్దెలో ఎక్కడో "అంటారు" అనే ఉంటావు. మేం ఇన్లేదు.

సన్యాసమ్మ
(ఇది కచ్చితం)